ప్రపంచమున స్త్రీలు : జపాను రంగస్థలము

స్త్రీ యారంభించిన కళనుండి స్త్రీనే వెడలగొట్టిన చరిత్ర జపాను దేశమున కలదు. 1603 ప్రాంతమున ఓకుని యను నర్తకి క్యోటో నగరమున ప్రదర్శనము లిచ్చి, కబుకి యను నాటకసంప్రదాయమునకు మూలమయ్యెను. నగరవాసులు తండోపతండములుగా వచ్చి చూచిరి. కాని నీతి చెడుచున్నదని ప్రభుత్వమువారు 1629లో స్త్రీలు రంగమెక్కుటను నిషేధించిరి. పిమ్మట స్త్రీవేషములను పురుషులే ధరించుట యాచారమైనది. స్థానం నరసింహారావుగారి సత్యభామను గూర్చి విన్న మన సోదరీమణులకు ఇది వింతగా తోపదు.

ఇరువదవ శతాబ్దమున కథ తలక్రిందయ్యెను. కొబయాషి ఇచిజో యనునాయన ఓసాకా ప్రాంతమున రైలుమార్గము నడుపుచుండెను. మార్గము చివరనున్న తకరజుకా యను వేడినీటి బుగ్గల యూరికి జనమును రప్పింపగోరి, 1913లో బాలికలతో గానబృందమును నెలకొల్పెను. ఈతకొలను భవనమును నాటకశాలగా మార్చి 1914లో తొలి ప్రదర్శన మిప్పించెను. వ్యాపారమునకై పుట్టినది నేడు ఐదు బృందములుగా వర్ధిల్లుచున్నది. పురుషపాత్రలు సైతము స్త్రీలవే. చేరగోరు కన్యలు ముందుగా రెండేండ్లు సంగీతపాఠశాలలో శిక్షణ పొందవలెను. ప్రాచీనమైన గెంజి గాథయు, పరాసు విప్లవకాలపు కథయు ఒకే రంగముమీద నడచును. ప్రేక్షకులలో అధికసంఖ్యాకులు స్త్రీలే.

ఇంత వైభవమునందును ఒక నియమము మమ్ము కలతపెట్టుచున్నది. వివాహమాడదలచిన నటి సంస్థను విడిచిపోవలెను. ఏండ్ల తరబడి సాధించిన విద్య పెండ్లితో ఆ రంగమునకు దూరమగును. కబుకి నటునకో, యిట్టి నిర్బంధము లేదు. అతడు పెండ్లాడి, తన కళను, పేరును కుమారునకు వారసత్వముగా నిచ్చును.

మన సురభివారి త్రోవ వేరు. 1885లో కడప జిల్లా సురభి గ్రామమున కీచకవధతో ఆరంభమైన ఆ నాటకసమాజమున అత్తలు, కోడండ్రు, బిడ్డలు తరతరములుగా కలసి నటించుచున్నారు. సంసారము వారికి రంగద్వారమును మూయలేదు. కావున గృహమునకును కళకును పొత్తు కుదరదనుట సత్యము కాదు.

సోదరీమణులారా! దూరదేశపు నియమమును విమర్శించుట సులభము. పెండ్లిచూపులలో పాడించిన కోడలిచేత, పెండ్లియైన పిమ్మట ఎందరము పాడించుచున్నాము? మూలబడిన వీణ మన యింట నున్నచో, దానిని ముందుగా దింపుదము.