తొట్టెల ఇంటికి వచ్చింది

ముళబాగిలు అనే పేరులోనే ఒక తలుపు ఉంది. కన్నడంలో ‘మూడల బాగిలు’ అంటే తూర్పు వాకిలి. బాగిలు, వాకిలి అనేవి తోబుట్టువుల వంటి మాటలు. అటువంటి పేరుగల ఊరిలో పాత తలుపులు, ద్వారబంధాలు, పెట్టెలు, పీటలు వీధిన పడుతుంటే చూసి ఊరుకోవడం కష్టం. పాత ఇల్లు పడగొట్టేటప్పుడు ఇటుకలూ, ఇనుమూ, కొయ్యసామానూ ఒకే బండిలో వెళ్ళిపోతాయి. అందులో మంచి టేకు ఉంటే దానికి ధర పలుకుతుంది. ఆ ఇంట పుట్టి పెరిగినవారి జ్ఞాపకాలకు మాత్రం తూకంలో చోటు ఉండదు.

పెద్దల నాటి కొయ్యవస్తువును బాగుచేయించి ఇంట్లో మళ్ళీ వాడుకోవాలని నా అభిప్రాయం. దానిని కొత్త వస్తువులా మెరిపించనక్కరలేదు. అద్దాల బీరువాలో దాచి చుట్టాలకు చూపనక్కరలేదు. అది ఏ పనికోసం పుట్టిందో ఆ పని మళ్ళీ చేయగలిగితే చాలు. నేను ఇలా అనడానికి మా ఇంటి తొట్టెలే కారణం.

అది టేకుతో చేసిన తొట్టెల. నాలుగు మూలలా ఇత్తడి గొలుసులు, పైన అడ్డకర్రకు వేలాడే నాలుగు కొయ్య చిలుకలు ఉండేవి. మా నాయనమ్మ కాలంలో ముళబాగిలిలోనే ఒక వడ్రంగి చేశాడట. మా మేనత్త, ఆమె తరువాత మా నాన్న అందులోనే పెరిగారు. మా బంధువులలో తొట్టెల ఏ ఒక్క ఇంటి సొత్తూ కాదు. ఎవరింట బిడ్డ పుడితే ఆ ఇంటికి వెళుతుంది. పదిమంది పిల్లలు ఊగిన తొట్టెల బిడ్డకు మంచిదని పెద్దల నమ్మకం.

అలాగే మేనత్త కాపురానికి వెళ్ళిన కొన్నాళ్ళకు తొట్టెల కూడా కోలారు బంగారు గనులకు చేరింది. 1880లో జాన్ టేలర్ కంపెనీ అక్కడ గనుల పని చేపట్టిన తరువాత ఉత్తర ఆర్కాటు, చిత్తూరు ప్రాంతాల నుండి ఎన్నో తమిళ, తెలుగు కుటుంబాలు కూలికోసం వచ్చి స్థిరపడ్డాయి. భూమిలోకి మూడు కిలోమీటర్లకు పైగా దిగిన గనులవి. మా మామయ్య అక్కడే పనిచేసేవాడు. నేను పుట్టినప్పుడు తొట్టెల ముళబాగిలికి వచ్చి, నేను నడక నేర్చాక మళ్ళీ గనుల ఊరికే వెళ్ళిందట. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. అత్తయ్య పిల్లలు పని వెదుక్కుంటూ బెంగళూరు రైలెక్కారు. తొట్టెల అటకెక్కింది.

కొన్నేళ్ళ క్రితం అత్తయ్య ఆ ఇల్లు ఖాళీ చేస్తూ కబురు పంపింది. “నాయనా, తొట్టెల తీసుకొనిపో. నా తరువాత దీన్ని ఎవరో పొయ్యిలో పెడతారు” అన్నది. వెళ్ళి చూస్తే ఒక మూల కోడును చెదలు తిన్నాయి. అడుగు పలకలు రెండు పుచ్చిపోయాయి. ఎవరో మేకులు దిగగొట్టినచోట కొయ్య చీలింది. పైన పొరలు పొరలుగా పచ్చరంగు. చిలుకలు మూడే మిగిలాయి.

మా ఊరి ఆచారిగారు దానిని చేత్తో తడిమి, “అయ్యవారూ, చెదలకంటే ఈ మేకులే ఎక్కువ చెరుపు చేశాయి” అన్నారు. ఆయన మాటలో శాస్త్రం ఉంది. కొయ్య వానకాలంలో తేమ పీల్చుకొని అడ్డంగా ఉబ్బుతుంది, ఎండకాలంలో కుంచించుకొంటుంది. ఒక కర్ర కొనను మరొక కర్ర రంధ్రంలో బిగించే పాత పద్ధతి ఈ కదలికకు కొంత చోటిస్తుంది. ఇనుపమేకు చోటివ్వదు. పైగా తుప్పుపట్టి చుట్టూ ఉన్న కొయ్యను పాడుచేస్తుంది. అందుచేత ఆయన మేకులన్నీ పీకి కొయ్యచీలలు బిగించారు. చెడినంతమేర కోసి కొత్త టేకు అతికారు.

కొత్త ముక్కలకు పాతరంగు వచ్చేట్లు పూత వేయమని నేను అడిగాను. ఆయన ఒప్పుకోలేదు. “పాతది పాతగా, కొత్తది కొత్తగా తెలియాలి. రేపు ఇంకొకరు బాగుచేసేటప్పుడు నా చెయ్యి ఎక్కడ పడిందో వారికి తెలియవద్దా?” అన్నారు. వస్తుసంగ్రహాలయాలలో పురాతన వస్తువులను కాపాడే నిపుణులు పాటించే నియమం కూడా ఇదే. ఆచారిగారు దానిని ఉలి, బాడిసలతోపాటు తండ్రి దగ్గర నేర్చుకొన్నారు.

రంగు తీయడంలో మరొక జాగ్రత్త అవసరమైంది. పాతకాలపు రంగులలో చాలావాటిలో సీసం ఉండేది. సీసపు ధూళి పిల్లల మెదడు ఎదుగుదలకు హాని చేస్తుంది. మన దేశంలో ఇళ్ళకు వాడే రంగులలో సీసం పదిలక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదని 2016లో నియమాలు చేశారు. అవి 2017 నవంబరు నుండి అమలులోకి వచ్చాయి. కనుక అంతకు ముందటి రంగును పొడిగా గీకరాదు. ఆచారిగారు ఆరుబయట, ముక్కుకు గుడ్డ కట్టుకొని, తడిచేస్తూ రంగు తీశారు. పిల్లలను దగ్గరకు రానివ్వలేదు. మీరు కూడా ఇటువంటి పనిని పెద్దలకే వదలండి.

కమ్మీల మధ్య సందు ఎక్కువగా ఉందని ఒక్కొక్క ప్రక్క రెండేసి కమ్మీలు కొత్తగా చేర్చారు. తాతల నాటిదని బిడ్డ తలను సందులో ఇరికించలేము గదా! పాతదానిని గౌరవించడమంటే దాని లోపాలను కూడా గౌరవించడం కాదు. నాలుగవ చిలుక బెంగళూరు-మైసూరు దారిలోని చన్నపట్నం నుండి వచ్చింది. అక్కడ బొమ్మలకు వాడే కొయ్యను కన్నడంలో ‘ఆలె మర’ అంటారు. ఆంధ్రదేశంలో ఏటికొప్పాక లక్కబొమ్మలు చేసే అంకుడు చెట్టు కూడా అదే. రెండు భాషలలో రెండు పేర్లతో ఒకే చెట్టు పిల్లలను ఆడిస్తున్నది.

“ఈ ఖర్చుతో రెండు కొత్త ఉయ్యాలలు వచ్చేవి” అన్నవారున్నారు. అది నిజమే. ఇరుకు ఇళ్ళలో తాతముత్తాతల సామానంతా మోయలేమన్నదీ నిజమే. మణిపాల్‌లో విజయనాథ శెణై గారు పడగొట్టిన పాత ఇళ్ళ కొయ్యపనిని సేకరించి, ఆ ఇళ్ళను తిరిగి నిలబెట్టారు. చెన్నై దగ్గర 1996లో ప్రారంభమైన దక్షిణచిత్రలో దక్షిణాది ఇళ్ళను చూడవచ్చు. అవి చేసిన మేలు గొప్పది. అయితే అక్కడ పొయ్యి వెలగదు, బిడ్డ ఏడవదు. ఆ పని మన ఇళ్ళలోనే జరగాలి. అన్నీ ఉంచుకోలేకపోతే ఒక్కటి ఉంచుకొందాము. దానికి టేకు పెట్టె, చెక్కిన ద్వారబంధమే కానక్కరలేదు. కూలివారి ఇంట కూడా ఒక కవ్వమో, పీటో, రోకలో ఉంటుంది. అవ్వ చేతిలో అరిగిన కవ్వానికి వంశచరిత్ర తక్కువేమీ కాదు. బాగుచేయించిన డబ్బు కూడా ఊరి వడ్రంగి ఇంటికే చేరుతుంది. పని ఉంటేనే ఆ విద్య అతని కొడుకుకు అందుతుంది.

మా అమ్మాయికి బిడ్డ పుట్టే వేళకు తొట్టెల సిద్ధమైంది. దానికి పసుపు కుంకుమ పెట్టి, హారతి ఇచ్చి ఇంట్లోకి తెచ్చాము. పాపను అందులో వేసేనాడు అత్తయ్య కూడా వచ్చింది. ఆమె చూపు ఇప్పుడు సరిగా ఆనదు. కొత్త కమ్మీలను పట్టించుకోకుండా పై అంచు వెంబడి వ్రేలు జరుపుతూ పోయి ఒకచోట ఆపింది. అక్కడ చిన్న చిన్న గాట్లున్నాయి. “పళ్ళు వచ్చేటప్పుడు మీ నాన్న కొరికింది ఇక్కడే” అన్నది. నునుపు చేయడానికి అక్కడ తోపడ పట్టి ఉంటే ఆ గాట్లు పోయేవి. ఆచారిగారు వాటిని ఎందుకు వదిలారో నాకప్పుడు తెలిసింది.

తొట్టెలను కన్నడంలో తొట్టిలు అంటారు. ఇరుగుపొరుగు భాషలు ఇంత దగ్గరగా ఉన్న ఊళ్ళలో మనం పెరుగుతున్నాము. కన్నడం మనకు అన్నం పెట్టే భాష. దానిని బాగా నేర్చుకోవాలి. ఇంటి తెలుగు మాటలను మాత్రం అటకెక్కించకూడదు. వస్తువు పోతే దాని పేరు కూడా కొన్నాళ్ళకు పోతుంది. ఈ సెలవులలో మీ ఇంట ఏ పాత కొయ్యవస్తువు మూలపడి ఉన్నదో వెదకండి. దాని పేరేమిటో, దానిని ఎవరు చేశారో, ఎవరెవరు వాడారో మీ అవ్వనూ తాతనూ అడిగి వ్రాసి పెట్టుకోండి. బాగుచేయించడం తరువాతి మాట. చెప్పేవారు ఉండగానే అడగడం మొదటి మాట.