చంచల్‌గూడకా? ఎర్రగడ్డకా?

2015 సెప్టెంబరులో కల్తీ కల్లు మీద ఎక్సైజ్ శాఖ దాడులు ముమ్మరం చేసినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ పల్లెల్లో ఏం జరిగిందో చాలామంది మరిచిపోయి ఉంటారు. డయాజెపాం, అల్ప్రాజోలం కలిపిన కల్లుకు ఏళ్ల తరబడి అలవాటు పడ్డ కూలీలకు ఉన్నట్టుండి అది దొరక్కుండా పోయింది. వణుకు, ఫిట్స్, మతి తప్పిన మాటలు. జిల్లా ఆసుపత్రులు నిండాయి. కొందరిని హైదరాబాద్ ఎర్రగడ్డలోని మానసిక చికిత్సాలయానికి తెచ్చారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి మద్యం దుకాణాలు మూతపడ్డప్పుడూ ఇదే దృశ్యం. మందు దొరక్క అదుపు తప్పినవాళ్లను పట్టుకుని ఇంటివాళ్లు ఎర్రగడ్డ ఓపీ ముందు బారులు తీరారు. ఆ రెండుసార్లూ వాళ్లను అరెస్టు చేయాలని ఎవరూ అనలేదు. వైద్యం కావాలన్నారు, మంచాలు వేశారు, మందులిచ్చారు.

అదే ఎర్రగడ్డ పక్కన, బోరబండలోనో సనత్‌నగర్‌లోనో, ఇరవై ఏళ్ల కుర్రాడి జేబులో పది గ్రాముల గంజాయి దొరికితే మనకు ఆసుపత్రి గుర్తుకు రాదు. పోలీస్ స్టేషన్, నాంపల్లి కోర్టు, చంచల్‌గూడ జైలు గుర్తొస్తాయి. ఇక్కడ గంజాయిని వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. లేత వయసులో మొదలుపెట్టిన గంజాయి మెదడును ఎలా దెబ్బతీస్తుందో, ఎంతమంది పిల్లల చదువును మింగేస్తుందో మానసిక వైద్యులందరికీ తెలుసు. అమెరికాలో మాదిరి దుకాణాలు తెరవాలని కూడా అనను. నేననేది ఒక్కటే. ఇప్పుడున్న చట్టంలోనే వైద్యానికీ, బెయిలుకూ, సకాలంలో విచారణకూ దారులున్నాయి. వాటిని మూసిపెట్టి పేదవాళ్లతో జైళ్లు నింపుతున్నాం. ఇది తప్పు.

మాదకద్రవ్యాల నిరోధక చట్టం, అందరూ ఎన్‌డీపీఎస్ అని పిలిచేది, 1985లో వచ్చింది. 1961 నాటి అంతర్జాతీయ ఒప్పందం మీద సంతకం చేసిన భారత్‌కు గంజాయిని కట్టడి చేయడానికి 25 ఏళ్ల గడువు ఇచ్చారు. ఆ గడువు దగ్గరపడుతుండగా పార్లమెంటు ఈ చట్టం చేసింది. మొక్క ఆకును మాత్రం వదిలేసింది. అందుకే ఉత్తరాదిన భంగు దుకాణాలకు ఇప్పటికీ లైసెన్సులున్నాయి. మొదట్లో గంజాయి కేసుకు గరిష్ఠ శిక్ష ఐదేళ్లు. 2001లో సవరణ తెచ్చినప్పుడు, చిన్న మొత్తంతో పట్టుబడ్డవాళ్ల మీద కరుణ చూపడమే లక్ష్యమన్నారు. బరువును బట్టి శిక్షలు విడగొట్టారు. కిలో లోపు చిన్న మొత్తం. ఇరవై కిలోలు దాటితే వాణిజ్య మొత్తం. కిలో లోపువాడికి ఇప్పుడు ఏడాది వరకు జైలు, లేదా పది వేల వరకు జరిమానా, లేదా రెండూ. మధ్యలో పట్టుబడితే పదేళ్ల దాకా. ఇరవై కిలోలు దాటితే కనీసం పదేళ్లు, గరిష్ఠంగా ఇరవై. ఒకప్పుడు ఐదేళ్లకు మించని నేరానికి ఇప్పుడు పదేళ్లకు తగ్గని శిక్ష. కరుణ పేరుతో వచ్చిన సవరణ మన్యం నుంచి బస్తా మోసుకొచ్చే కూలీకి ఇలా పరిణమించింది.

దానికి తోడు 37వ సెక్షన్. వాణిజ్య మొత్తం కేసుల్లో బెయిల్ ఇవ్వాలంటే నిందితుడు నేరం చేయలేదని నమ్మడానికి తగిన కారణాలున్నాయనీ, బయటికి వెళ్తే మళ్లీ నేరం చేయడనీ జడ్జి సంతృప్తి చెందాలి. సాక్షులను విచారించక ముందే, బెయిల్ దశలోనే, దాదాపు నిర్దోషినని తేల్చుకోవాల్సిన పరిస్థితి. ఛార్జిషీటు వేయడానికి పోలీసులకు 180 రోజులు, కోర్టు ఒప్పుకుంటే ఏడాది దాకా గడువు. మామూలు కేసుల్లో ఇది 60, 90 రోజులే.

మరి లోపల ఉన్నదెవరు? పాడేరు, చింతపల్లి, సీలేరు కొండల్లో పండే శీలావతి రకం గంజాయికి దేశమంతటా గిరాకీ. అక్కడ పెట్టుబడి పెట్టేది గిరిజనుడు కాదు, బయటి వ్యాపారి. 2021 చివర్లో ఆంధ్రప్రదేశ్ పోలీసులు ‘ఆపరేషన్ పరివర్తన’ చేపట్టి వేల ఎకరాల్లో తోటలు నరికేశారు. 2022 ఫిబ్రవరి 12న అనకాపల్లి దగ్గర కోడూరులో రెండు లక్షల కిలోల గంజాయిని తగలబెట్టారు. ఆ తర్వాత సాగు చాలావరకు సరిహద్దు దాటి ఒడిశాలోని మల్కాన్‌గిరి, కోరాపుట్ కొండలకు జరిగింది. రవాణా మాత్రం ఆగలేదు. భద్రాచలం, ఖమ్మం మీదుగా, లేదంటే రాజమండ్రి, సూర్యాపేట మీదుగా హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు చేరి, అక్కడి నుంచి మహారాష్ట్రకు సాగిపోతుంది. తనిఖీలో దొరికేది డ్రైవరు, క్లీనరు, సంచి మోసే గిరిజన యువకుడు, బండి ముందు పైలట్‌గా వెళ్లే బైకు కుర్రాడు. సరుకు పంపినవాడి పేరు, కొన్నవాడి పేరు ఎఫ్‌ఐఆర్‌లో ‘పరారీలో ఉన్నారు’ అన్న మాట పక్కనే ఆగిపోతాయి.

ఫలితం చూడాలంటే విశాఖ కేంద్ర కారాగారానికి వెళ్లాలి. దాని సామర్థ్యం తొమ్మిది వందల చిల్లర. కొన్నేళ్లుగా అందులో దాదాపు రెట్టింపు మంది ఉంటున్నారు. వాళ్లలో సగానికి పైగా గంజాయి కేసులవాళ్లే. తెలంగాణ జైళ్లు లెక్కల్లో అంత కిక్కిరిసి కనిపించవు. కానీ 2021లో ఆసుపత్రి కోసం వరంగల్ కేంద్ర కారాగారాన్ని కూల్చివేసి అక్కడి ఖైదీలను చర్లపల్లికీ ఇతర జైళ్లకూ తరలించారు. ఏజెన్సీ దారిలో దొరికిన మనిషికీ, ములాఖత్‌కు వచ్చే అతని తల్లికీ మధ్య దూరం పెరిగింది. ఆసుపత్రి రావాల్సిందే. అయితే జైలు లెక్కల్లో ఈ దూరాన్ని కొలిచే గడి ఎక్కడా లేదు.

దేశం మొత్తం మీద 2022 చివరికి 4,36,266 మందికి సరిపడే జైళ్లలో 5,73,220 మంది ఉన్నారని జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్క. వాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలు. ప్రతి నలుగురిలో ముగ్గురి మీద నేరం ఇంకా రుజువు కాలేదన్నమాట. 2023 మార్చి 28న మహమ్మద్ ముస్లిం కేసులో సుప్రీంకోర్టు ఇదే సంగతిని పట్టించుకుంది. ఇరవై మూడేళ్ల వయసులో గంజాయి కేసులో పట్టుబడి ఏడేళ్లకు పైగా విచారణ ఖైదీగా ఉన్న మనిషికి బెయిల్ ఇస్తూ జస్టిస్ రవీంద్ర భట్, జస్టిస్ దీపాంకర్ దత్తాల ధర్మాసనం రెండు మాటలు చెప్పింది. 37వ సెక్షన్ ఉన్నా, విచారణ అంతులేకుండా సాగితే బెయిల్ ఇవ్వవచ్చు. విచారణ ఆలస్యమైనప్పుడు అందరికన్నా ఎక్కువ నష్టపోయేది పేదవాడు, అతని ఉపాధి, అతని కుటుంబం. కొత్త నాగరిక్ సురక్షా సంహితలోని 479వ సెక్షన్ తొలిసారి కేసులో ఇరుక్కున్నవాళ్లకు గరిష్ఠ శిక్షలో మూడో వంతు గడిస్తే విడుదలకు దారి చూపింది. కానీ గరిష్ఠం ఇరవై ఏళ్లయినప్పుడు మూడో వంతు ఆరేళ్ల ఎనిమిది నెలలు. ఆ లెక్క మీద ఆధారపడమని ఇరవై రెండేళ్ల కుర్రాడికి చెప్పడానికి నాకు నోరు రాదు.

డిఫెన్స్ లాయరు గురించి మాట్లాడాలి. గంజాయి రవాణా చేసినవాడి తరఫున వాదించడమేమిటని మనవాళ్లు తేలిగ్గా అనేస్తారు. ఈ చట్టంలో శిక్ష ఎంత కఠినమో, పట్టుకునే పద్ధతికి నియమాలూ అంత కఠినంగా ఉన్నాయి. ఒంటి మీద సోదా చేసే ముందు, గెజిటెడ్ అధికారి లేదా మెజిస్ట్రేట్ ఎదుట సోదా కోరే హక్కు ఉందని చెప్పాలని 50వ సెక్షన్ అంటుంది. పట్టుకున్న సరుకు నుంచి మెజిస్ట్రేట్ సమక్షంలో నమూనా తీయాలని 52ఎ అంటుంది. అధికారుల ముందు ఇచ్చిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లదని 2020లో తూఫాన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. వీటన్నిటిలో పేదవాడికి ఎక్కువ పనికొచ్చేది బరువు సంగతి. చట్టం ప్రకారం గంజాయి అంటే మొక్క పూత, కాయ ఉన్న కొసలు. పూత లేకుండా విడిగా ఉన్న ఆకు, గింజ లెక్కలోకి రావు. పంచనామాలో మాత్రం కాడ, ఆకు, గింజ, తడి, సంచీ అన్నీ కలిపి తూస్తే ఇరవై ఒక్క కిలోలు అవుతుంది. విడదీసి తూస్తే ఇరవైకి తగ్గవచ్చు. ఆ ఒకటి రెండు కిలోల తేడాతో పదేళ్ల కనీస శిక్ష ఉంటుందా ఊడుతుందా, బెయిల్ వస్తుందా రాదా అన్నది తేలుతుంది. ఈ కారణంతోనే కొన్ని హైకోర్టులు బెయిళ్లు ఇచ్చాయి. ఆ ప్రశ్న అడగాలంటే పంచనామాను అక్షరం అక్షరం చదివే లాయరు కావాలి. ఫీజు కట్టగలిగినవాడికి దొరుకుతాడు. మన్యం కుర్రాడికి?

అతనికి ప్రభుత్వం ఇచ్చే లాయరు ఉన్నాడు. కస్టడీలో ఉన్న ఎవరికైనా, ఎస్సీ, ఎస్టీలకూ మహిళలకూ ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం 1987 చట్టం ఇచ్చిన హక్కు. 2022 నుంచి జిల్లాల్లో పూర్తికాలం పనిచేసే లీగల్ ఎయిడ్ డిఫెన్స్ కౌన్సెల్ వ్యవస్థ కూడా వచ్చింది. మంచి ఏర్పాటు. ఈ చట్టంలోని మెలకువలు తెలిసినవాళ్లు అందులో ఎంతమంది, ఒక్కొక్కరి చేతిలో ఎన్ని ఫైళ్లు అన్నదే అసలు ప్రశ్న.

బెయిల్ వచ్చినా కథ అయిపోదు. దేవుడు వరమిచ్చినా పూజారి కరుణించాలి. చింతపల్లి మనిషికి నాంపల్లి కోర్టులో ఇద్దరు ష్యూరిటీలు ఎక్కడి నుంచి వస్తారు? బెయిల్ వచ్చిన నెలలోగా పూచీకత్తు పెట్టలేకపోతే షరతులు సడలించవచ్చో లేదో కోర్టులు తమంతట తాము పరిశీలించాలని 2023 జనవరి 31న సుప్రీంకోర్టు చెప్పింది. అదే ఏడాది కేంద్రం పేద ఖైదీలకు బెయిలు సొమ్ము కట్టే పథకం తెచ్చింది. మొదట్లో విచారణ ఖైదీకి 40 వేల రూపాయల వరకు. దాని మార్గదర్శకాలు ఎన్‌డీపీఎస్ నిందితులను మినహాయించాయి. గంజాయి కేసుల్లో మగ్గుతున్నవాళ్లలో ఎంతోమంది నిరుపేదలు. డబ్బు లేక లోపల ఉన్నవాళ్ల కోసం పెట్టిన పథకంలో వాళ్లకే చోటు లేకపోవడం అన్యాయం.

ఇక తాగేవాళ్ల సంగతి. ఈ చట్టంలో అతి తక్కువగా వాడే సెక్షన్లు రెండున్నాయి. చిన్న మొత్తంతో, లేదా వాడకం నేరంతో పట్టుబడిన వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వ లేదా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు ఒప్పుకుని దాన్ని పూర్తిచేస్తే అతని మీద కేసు నడవదని 64ఎ చెబుతుంది. నేరం రుజువైనా జైలుకు బదులు చికిత్సకు పంపే అధికారం 39వ సెక్షన్ కోర్టుకు ఇచ్చింది. 2025 జులైలో తెలంగాణ మాదకద్రవ్యాల నిరోధక విభాగం ‘ఈగల్’ గచ్చిబౌలిలో మాటు వేసి, గంజాయి కొనడానికి వచ్చిన 14 మందిని పట్టుకుంది. నాలుగేళ్ల కొడుకును వెంటబెట్టుకొచ్చిన దంపతులు కూడా వాళ్లలో ఉన్నారు. మూత్ర పరీక్షల్లో గంజాయి వాడినట్టు తేలాక వాళ్లను జైలుకు కాక డీ అడిక్షన్ కేంద్రానికి పంపారు. పోలీసులు సరైన పనే చేశారు. గచ్చిబౌలిలో దక్కిన ఈ నీతి బోరబండలో, ధూల్‌పేటలో కూడా దక్కాలి. పోలీసుల ప్రకటనల్లో, మన పేపర్ల హెడ్డింగుల్లో బస్తీ పిల్లలు ‘గంజాయి బ్యాచ్’. ఐటీ ఉద్యోగులైతే ‘బాధితులు’. ఈ తేడా రాసేవాళ్లం మనమే. ధూల్‌పేట సంగతి మరీ బాధాకరం. అక్కడ గుడుంబా మాన్పించారు. మానినవాళ్లకు బతుకుతెరువు సరిగా చూపలేదు. కొన్ని కుటుంబాలు గంజాయి పొట్లాల వైపు మళ్లాయి. 2024లో ‘ఆపరేషన్ ధూల్‌పేట’ పెట్టి మళ్లీ అదే గల్లీల్లో అరెస్టులు.

ఎర్రగడ్డ ఆసుపత్రికీ తన కష్టాలున్నాయి. నిజాం కాలంలో జాల్నాలో ఉన్నది స్వాతంత్ర్యం తర్వాత ఇక్కడికి వచ్చి రాష్ట్రానికంతటికీ పెద్ద దిక్కయింది. ఊరూవాడా ఆ పేరును తిట్టుగా మార్చేయడంతో కొడుకును అక్కడికి తీసుకెళ్లడానికి తల్లిదండ్రులు జంకుతారు. పిల్లవాడి సంగతి బయటపడితే పరువు పోతుందని దాస్తారు. చివరికి అది పోలీసుల ద్వారా బయటపడుతుంది. ఎయిమ్స్ ఆధ్వర్యంలో 2019లో వెలువడిన సర్వే ప్రకారం దేశంలో గంజాయి, భంగు, చరస్ వల్ల సమస్యల్లో పడి సాయం అవసరమైనవాళ్లు దాదాపు 72 లక్షలు. అంతమందిని పెట్టగల జైలు ఎక్కడా లేదు. ఉండకూడదు కూడా.

ప్రపంచం కదులుతోంది. ఉరుగ్వే 2013లో, కెనడా 2018లో, జర్మనీ 2024లో గంజాయి వాడకాన్ని చట్టబద్ధం చేశాయి. థాయ్‌లాండ్ 2022లో తలుపులు బార్లా తెరిచి, 2025లో వైద్యుడి చీటీ తప్పనిసరి చేస్తూ వెనక్కి తగ్గింది. తొందరపాటుకు అదొక హెచ్చరిక. 2020 డిసెంబరులో ఐక్యరాజ్యసమితి మాదకద్రవ్యాల కమిషన్ గంజాయిని అత్యంత ప్రమాదకర జాబితా నుంచి తొలగించినప్పుడు భారత్ అనుకూలంగా ఓటేసింది. మరుసటి ఏడాది కేంద్ర సామాజిక న్యాయ శాఖ, సొంత వాడకానికి కొద్ది మొత్తం ఉంచుకున్నవాళ్లను నేరస్థులుగా చూడవద్దని సూచించింది. చట్టం మారలేదు. అమెరికాలో చదువుకునే మన పిల్లలకూ ఒక మాట: కాలిఫోర్నియాలో దుకాణంలో అమ్మినా ఫెడరల్ చట్టం దాన్ని ఇంకా నిషేధిస్తూనే ఉంది. సొంతానికి ఉంచుకున్న 30 గ్రాముల లోపు ఒకే ఒక్క కేసు తప్ప, గంజాయి శిక్ష వీసాదారుడిని దేశం నుంచి పంపేయడానికి చాలు.

ఢిల్లీ చట్టం మార్చేదాకా హైదరాబాద్, అమరావతి చేతులు ముడుచుకోనక్కర్లేదు. చిన్న మొత్తం కేసు నమోదైన ప్రతిసారీ 64ఎ హక్కును నిందితుడికి అర్థమయ్యే భాషలో రాసివ్వాలని రెండు రాష్ట్రాల డీజీపీలు ఆదేశించవచ్చు. ఎర్రగడ్డలో డీ అడిక్షన్ మంచాలు పెంచి, అలాంటి వార్డులు ప్రతి జిల్లా ఆసుపత్రిలో తెరవడం ఆరోగ్య శాఖ పని. ఐదేళ్లు దాటిన ఎన్‌డీపీఎస్ విచారణ ఖైదీల జాబితాను హైకోర్టులు తెప్పించుకుని చూడాలి. గిరిజన భాష తెలిసిన డిఫెన్స్ కౌన్సెల్ విశాఖ, ఖమ్మం, నాంపల్లి కోర్టుల్లో తప్పనిసరిగా ఉండాలి. పేద ఖైదీల పథకంలోంచి ఎన్‌డీపీఎస్ మినహాయింపును తొలగించమని రెండు రాష్ట్ర ప్రభుత్వాలూ కేంద్రానికి లేఖ రాయాలి. వీటిలో ఏదీ ఒక్క స్మగ్లర్‌ను కూడా వదిలిపెట్టదు.

మీ ఇంట్లో పిల్లవాడు ఈ అలవాటులో పడ్డాడని తెలిస్తే పోలీసులు వచ్చేదాకా ఆగకండి, ఆసుపత్రికి తీసుకెళ్లండి. మానసిక సహాయానికి టెలిమానస్ 14416, వ్యసన విముక్తి సలహాకు 14446. కేసు అప్పటికే అయి ఉంటే, లాయరును పెట్టుకునే స్తోమత లేకపోతే, ఉచిత న్యాయ సహాయానికి 15100కు ఫోన్ చేయండి.