ఎంత ఆడినా ఆట ఎందుకు రాదు?

గత వేసవిలో లండన్‌లోని మా మేనల్లుడి ఇంట్లో కొన్నాళ్ళు ఉన్నాను. ఒక రాత్రి రెండు గంటలకు మంచినీళ్ళ కోసం లేచేసరికి, అతడు హాలులో కూర్చుని ఫోనులో పోకర్ ఆడుతున్నాడు. నన్ను చూసి కొంచెం సిగ్గుపడి, "అయిదు పెన్నీలు, పది పెన్నీల పందెమే మామయ్యా! సినిమా టిక్కెట్టు ఖర్చు కూడా కాదు" అన్నాడు. మూడేళ్ళుగా ఆడుతున్నాడట. "మరి ఈ మూడేళ్ళలో ఆట ఎంత మెరుగుపడిందిరా?" అని అడిగాను. "నా ఆట బాగానే ఉంది. ముక్కలే కలిసిరావడం లేదు" అన్నాడు.

అతడు ఇంజనీరు, లెక్కల్లో దిట్ట. అటువంటివాడు మూడేళ్ళు సాధన చేసినా ఉన్నచోటనే ఉండిపోవడానికి కారణం తెలివి తక్కువై కాదు. ఆ ఆట తన తప్పొప్పులను అతనికి నిజాయితీగా చెప్పకపోవడమే కారణమని నా అభిప్రాయం.

ఏ విద్య అయినా అబ్బాలంటే తప్పు చేసినప్పుడు అది తప్పని వెంటనే తెలియాలి. సైకిలు నేర్చుకునేవాడు పట్టు తప్పితే పడతాడు. సంగీతం నేర్చుకునే పిల్ల శ్రుతి తప్పితే గురువు ఆపుతాడు. పోకర్‌లో అలా కాదు. చేతిలో రెండు ఆసులున్నవాడు రెండు రాజులున్నవాడితో సర్వస్వం ఒడ్డడం సరైన నిర్ణయమే. అయినా నూటికి సుమారు 18 సార్లు అతడే ఓడిపోతాడు. మరొకడు నాలుగు ఆఠీన్లు చేరాయి కదా అని, అయిదవదాని కోసం స్థోమతకు మించి సొమ్ము పెడతాడు. ఇంకా రెండు ముక్కలు రావలసి ఉన్నప్పుడు ఆ అయిదవ ఆఠీను పడే అవకాశం సుమారు 35 శాతం. పడిందా, తన తప్పును తెలివిగా భావిస్తాడు. సరిగా ఆడినవాడికి శిక్ష, తప్పుగా ఆడినవాడికి బహుమానం! నేర్పు ఫలితంలో కనిపించడానికి వేల పంపకాలు కావాలి. ఓ మోస్తరు నేర్పరి కూడా పది వేల పంపకాల తర్వాత నష్టంలో ఉంటే అది వింత కాదు.

ఈ ప్రమాదం మా వృత్తిలోనూ ఉంది. వైరల్ జ్వరాలు చాలావరకు నాలుగైదు రోజుల్లో వాటంతటవే తగ్గుతాయి. మూడవ రోజున అనవసరంగా యాంటీబయాటిక్ రాసిన వైద్యుడు, అయిదవ రోజున జ్వరం తగ్గగానే తన మందే పనిచేసిందనుకుంటాడు. రోగి కూడా అలాగే నమ్ముతాడు. ఆ వైద్యుడు ముప్పై ఏళ్ళు అదే మందు రాసినా అతని అనుభవం పెరగదు, అలవాటు మాత్రమే గట్టిపడుతుంది.

ఇక చిన్న పందేల వద్ద మరో రెండు చిక్కులున్నాయి. మొదటిది, చిన్న మొత్తమని ఎవరూ లెక్క రాసుకోరు. గెలిచిన రాత్రి గుర్తుంటుంది, ఓడిన పది రాత్రులు దురదృష్టం ఖాతాలోకి పోతాయి. రెండవది నిర్వాహకుల కోత. ఒక్కో ఆటలో సగటున ఒక పౌండు పందెం చేరుతుందనీ, అందులో నూటికి అయిదు చొప్పున కోత పడుతుందనీ అనుకుందాం. గంటకు అరవై పంపకాలకు 3 పౌండ్లు పోతాయి. ఆరుగురు తలా 10 పౌండ్లతో కూర్చుంటే, ఇరవై గంటల్లో ఆ 60 పౌండ్లూ నిర్వాహకులకే చేరతాయి. తోటివారికన్నా కొంచెం బాగా ఆడేవాడి లాభమూ ఈ కోతకే సరిపోతుంది.

అయినా ఎందుకు మానలేరు? ఎప్పుడు వస్తుందో తెలియని బహుమానం, ప్రతిసారీ వచ్చే బహుమానంకన్నా అలవాటును గట్టిగా నిలుపుతుందని బి.ఎఫ్. స్కిన్నర్ ప్రయోగాలు ఏనాడో చూపాయి. దానికి నిద్రలేమి, ఓటమి వల్ల కలిగిన కోపం తోడైతే వివేచన మందగిస్తుంది. "పోయినచోటే వెతుక్కోవాలి" అన్న మాట అప్పుడు సలహాలా వినిపిస్తుంది.

మెరుగుపడేవారు లేరా? ఉన్నారు. ప్రతి నష్టాన్నీ రాసుకుని, గెలిచిన ఆటల్లోనూ తమ తప్పులు వెదికి, కోపం రాగానే లేచిపోయేవారు వారు. వారు ఆడిన దానికన్నా చదివింది ఎక్కువ. అలసట తీర్చుకోవడానికి అర్ధరాత్రి ఫోను తెరిచినవాడు చేసేది ఆ పని కాదు. అతడు ఆటను సాధన అనుకుంటున్నాడు. "రేపు బాగా ఆడతాను" అన్న ఆశే అతణ్ణి అక్కడ కట్టిపడేస్తోంది.

డబ్బు పందెంగా ఆన్‌లైన్ ఆటలను తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. 2025లో కేంద్ర చట్టం దేశమంతటికీ నిషేధాన్ని వర్తింపజేసింది. చట్టం సంగతి అలా ఉంచి, వైద్యుడిగా నేను చెప్పేది ఒకటి. అమెరికా మనోవైద్యుల వర్గీకరణ 2013లోనే జూద వ్యసనాన్ని మద్యం, మాదకద్రవ్యాల వ్యసనాల సరసన చేర్చింది. ఎంత పోయిందో ఇంట్లో దాచడం, పోయినది రాబట్టడానికి మళ్ళీ ఆడడం, మానాలనుకుని మానలేకపోవడం దీని లక్షణాలు. పందెం చిన్నదా పెద్దదా అన్నది వీటిలో లేదని గమనించండి. ఇవి కనిపిస్తే సిగ్గుపడకుండా మానసిక వైద్యుణ్ణి సంప్రదించండి. మన దేశంలో ఉన్నవారు టెలి మానస్ 14416కు ఉచితంగా ఫోను చేసి, తెలుగులోనే మాట్లాడవచ్చు.

మా మేనల్లుడికి నేను నీతులు చెప్పలేదు. మూడేళ్ళ బ్యాంకు లెక్క తీసి కూడమన్నాను, అంతే. మరునాటి సాయంత్రం ఒక కాగితం తెచ్చి నా ముందు పెట్టాడు. పోయింది 1,840 పౌండ్లు. "ఇంత అనుకోలేదు మామయ్యా" అన్నాడు. ఆ ఆట వల్ల మూడేళ్ళలో అతడు నేర్చుకున్న మొదటి నిజం అదే.