అదిలించే హారన్లు

బస్సులకీ లారీలకీ ఉండే హారన్ ఇప్పుడు మన వీధుల్లో తిరిగే మోటారు సైకిళ్ళకీ, కార్లకీ వచ్చేసింది. కంపెనీ ఇచ్చిన హారన్ బాగానే మోగుతున్నా దాన్ని పీకించి, బజార్లో ఎయిర్ హారన్ కొని బిగించుకుంటున్నారు. లారీలో బ్రేకుల కోసం ఎలాగూ గాలి ట్యాంకు ఉంటుంది, ఆ గాలితోనే హారన్ మోగుతుంది. చిన్న బండికి అది లేదు కనుక బ్యాటరీతో నడిచే చిన్న కంప్రెసర్ పెట్టి మరీ ఊదిస్తారు. ఇంత అవస్థ దేనికట? ముందున్న మనిషి తప్పుకోవడానికి మామూలు హారన్ చాలదా? చాలుతుంది. హడలగొట్టడానికే చాలదు.

ఆ హడలే నా బాధ. స్కూటీ మీద వెళ్ళే ఆడవాళ్ళని అడగండి. వెనక సీటులో పిల్ల, కాళ్ళ దగ్గర కూరల సంచీ, ఎడం పక్క గుంత. సరిగ్గా అప్పుడే వీపు మీద చరిచినట్టు మోత! చెయ్యి దానంతటదే బ్రేకు నొక్కేస్తుంది. పోయినేడు మా వీధి మలుపులో నాకు జరిగింది ఇదే. ఇసక మీద బండి జారి మోకాలు చెక్కుకుపోయింది, పాప ఒకటే ఏడుపు. కారతను ఆగనైనా ఆగలేదు. చుట్టూ చేరినవాళ్ళు మాత్రం "ఆడవాళ్ళకి బళ్ళెందుకండీ" అన్నారు. మోకాలి కంటే ఆ మాటే ఎక్కువ మండింది. హారన్ కొట్టినవాణ్ణి ఒక్కరూ ఏమీ అనలేదు!

చట్టం లేదా అంటే ఉంది. రకరకాల స్వరాలు వరసగా పలికే హారన్లు, చెవులు చిల్లులు పడేలా, భయపెట్టేలా మోగేవి బిగించకూడదని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లోనే ఉంది. ఇళ్ళుండే చోట రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా అత్యవసరమైతే తప్ప హారన్ కొట్టకూడదని 2010లో ఇంకో నిబంధన చేర్చారు. అనవసరంగా కొడితే మొదటిసారి 1,000, మళ్ళీ అయితే 2,000 రూపాయలు జరిమానా అని 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించారు. కానీ హెల్మెట్ లేకపోతే ఫొటో తీసి చలానా పంపుతారు గానీ, మోతకి ఫొటో రాదు కదా!

పోలీసుల సంగతి అలా ఉంచి, ఆ హారన్‌కి డబ్బులు మన ఇళ్ళలోంచే వెళ్తున్నాయి. కొడుక్కి బండి కొనడానికి గాజులు బ్యాంకులో పెట్టిన తల్లులు నాకు తెలుసు. ఆ బండికి లారీ మోత ఎందుకమ్మా అంటే, "సరదా పడ్డాడు లెండి" అంటారు. కారులో అద్దాలెత్తి, ఏసీ వేసుకు కూర్చుంటే మనకి పెద్దగా వినపడదు మరి. ఒకసారి దిగి గేటు దగ్గర నిలబడి, మీవాణ్ణి హారన్ నొక్కమనండి. ఆ తర్వాత కంపెనీ హారన్ ఇంట్లోనే ఉందో, పారేశాడో అడగండి. ఉంటే దాన్ని తిరిగి బిగించడం మెకానిక్‌కి పెద్ద పనేం కాదు.