శవాల లెక్క గుమాస్తా పనేనా?

ఈ మధ్య ఒక సాహిత్య గోష్ఠిలో యుద్ధ వ్యతిరేక కవిత్వం మీద చర్చ జరిగింది. ఫోటోలూ, వీడియోలూ, ఉపగ్రహ చిత్రాలూ, అందరికీ అందుబాటులో ఉన్న ఇతర ఆధారాలూ పరిశీలించి, ఆధునిక యుద్ధాల్లో చనిపోతున్న మామూలు జనాన్ని నమోదు చేసే పరిశోధకుల ప్రస్తావన నేను తెచ్చాను. ఒక మిత్రుడు లేచి, "శవాలు లెక్కపెట్టడం గుమాస్తా పని. రచయిత పని ఆగ్రహించడం" అన్నాడు. చప్పట్లు మోగాయి. కొట్టినవారిలో నా విద్యార్థులు కూడా ఉన్నారు. అంచేత ఈ మాటను ఊరికే వదిలెయ్యడానికి వీల్లేదు.

మాట వినడానికి విప్లవాత్మకంగానే ఉంది. విచారించి చూస్తే మాత్రం అది బాంబులు వేసేవాడికి తప్ప మరెవరికీ పనికొచ్చేది కాదు.

రక్కా సంగతి చూడండి. సిరియాలోని ఈ నగరాన్ని ఇస్లామిక్ స్టేట్ ముఠా నుంచి విడిపించే పేరుతో 2017 జూన్ నుంచి అక్టోబరు దాకా అమెరికా, బ్రిటన్, ఫ్రాన్సు దాని మీద బాంబులు కురిపించాయి. అమెరికా ఫిరంగులు వేల గుండ్లు పేల్చాయి. ఆ ముఠా ఎంత క్రూరమైందో నాకెవరూ చెప్పనక్కర్లేదు. పారిపోబోయిన జనాన్ని కాల్చిచంపిన ముఠా అది. కానీ విడిపించడానికి వచ్చినవాళ్లు ఎందరిని చంపారు? 2019 ఏప్రిల్ నాటికి సంకీర్ణ సేన ఒప్పుకున్నది 159 మందిని. అదే నెలలో ఆమ్నెస్టీ ఇంటర్నేషనల్, ఎయిర్‌వార్స్ సంస్థలు ప్రకటించిన లెక్క 1,600కు పైగా. అంటే పదిమందిని చంపినవాడు ఒక్కణ్ణే చంపానన్నాడన్నమాట.

ఈ లెక్క ఎట్లా వచ్చింది? 124 దేశాలకు చెందిన 3,000 మందికి పైగా స్వచ్ఛంద కార్యకర్తలు తమ తమ చోట్ల కూర్చుని 20 లక్షలకు పైగా ఉపగ్రహ చిత్రాల ముక్కలను పరిశీలించారు. ఈ తేదీన నిలబడి ఉన్న ఇల్లు ఆ తేదీన లేదు. కనక ఈ రెండింటి మధ్యనే కూలింది. ఇట్లా ధ్వంసమైన 11,000కు పైగా కట్టడాల మీద ఎప్పుడు దెబ్బ పడిందో తేల్చడానికి తోడ్పడ్డారు. ఐతే ఉపగ్రహానికి ఇంటి కప్పు కనిపిస్తుంది గాని కప్పు కింద నలిగిన మనిషి కనిపించడు. అంచేత పరిశోధకులు రక్కా వెళ్లి, బాంబులు పడ్డ 200కు పైగా చోట్లు తిరిగారు. 400కు పైగా సాక్షులతోనూ, బతికి బయటపడ్డవారితోనూ మాట్లాడారు. 1,000 మందికి పైగా మృతుల పేర్లు సేకరించి, వాటిలో 641 పేర్లను తామే స్వయంగా ధ్రువపరుచుకున్నారు.

ఇది గుమాస్తా పనేనా? ఔననే అనుకుందాం. దొడ్డి కొమురయ్య పేరు మనకెందుకు గుర్తుంది? 1946 జూలై 4, కడవెండి గ్రామం, దొరసాని గూండాల తుపాకి గుండు. పేరు, తేదీ, స్థలం, చంపినవాడు. ఈ నాలుగూ నిలిచాయి గనకనే ఆ మరణం మీద పాటలు కట్టగలిగాం. "ఎవరో కొందరు అమాయకులు మరణించారు" అని ఊరుకుని ఉంటే ఆ పాట ఎక్కడ పుట్టేది? రక్కా పరిశోధకులు వెతికినవీ ఈ నాలుగే. కొమురయ్యకు దక్కిన గౌరవం రక్కాలో నలిగి చచ్చిన తల్లికి అక్కర్లేదా?

ఆధారం లేని ఆగ్రహాన్ని శత్రువు ఎంత తేలిగ్గా తుడిచిపెడతాడో 1937లోనే తేలింది. జర్మన్ విమానాలు గెర్నికా పట్టణాన్ని కాల్చేస్తే, బాస్కులే తమ ఊరికి నిప్పు పెట్టుకున్నారని ఫ్రాంకో మనుషులు ప్రచారం చేశారు. ఆ అబద్ధానికి అడ్డుపడ్డవాటిలో, దొరికిన బాంబుల మీద జర్మన్ ముద్ర ఉందని విలేఖరి జార్జ్ స్టీర్ పంపిన వార్త ఒకటి. పికాసో చిత్రం గొప్పదే. కానీ బాంబు మీది ముద్ర ఏ దేశానిదో చిత్రం చెప్పదు.

ఇక రెండవ అభ్యంతరం. ఈ సంస్థలు పాశ్చాత్య దేశాలవి, వాటి వెనక డబ్బు ఎవరిదో చూడాలంటున్నారు. చూడండి, తప్పకుండా చూడండి. కానీ చెప్పినవాడి కులగోత్రాలు అడిగి మాట నిజమో కాదో తేల్చే పద్ధతి మనదెప్పుడైంది? ఈ పరిశోధన విలువంతా దాని ఆధారాలు బయట ఉండటంలోనే ఉంది. తప్పని తోస్తే అదే చిత్రం తీసి, అదే వీధి చూసి, తప్పని రుజువు చెయ్యవచ్చు. 2021 ఆగస్టు 29న కాబూల్‌లో అమెరికా డ్రోన్ ఒక కారును పేల్చి, తీవ్రవాదిని చంపామని ప్రకటించింది. చనిపోయింది 7గురు పిల్లలతో సహా 10 మంది పౌరులు. ఆ కారులోకి ఎక్కించినవి నీళ్ల డబ్బాలని నిఘా కెమెరా దృశ్యాలతో చూపించింది న్యూయార్క్ టైమ్స్. అది కార్మికవర్గ పత్రికేమీ కాదు. సెప్టెంబరు 17న అమెరికా సైన్యం తప్పు ఒప్పుకోక తప్పలేదు. డిసెంబరులో మాత్రం ఎవరినీ శిక్షించేది లేదని తేల్చింది. లెక్క తేలినంత మాత్రాన న్యాయం జరగదు, నిజమే. లెక్కే లేకపోతే న్యాయం అడగడానికి నోరు కూడా ఉండదు.

అనుమానించవలసింది మరొకటుంది. ఈ ఆధారాలు ప్రజలవి, వాటిని దాచే గిడ్డంగులు కంపెనీలవి. 2017లో యూట్యూబ్ యంత్రాలు సిరియా యుద్ధ దృశ్యాలను వేలాదిగా తొలగించాయి. ఇథియోపియాలోని టిగ్రేలో 2020 నవంబరులో యుద్ధం మొదలవగానే ఫోన్లూ ఇంటర్నెట్టూ తెగిపోయాయి. అక్కడ చచ్చినవారి వీడియోలు ఎవరు చూస్తారు? ఫోను లేని పేదవాడు చావులో కూడా వెనకబడే ఉన్నాడు. వర్గదృష్టి అంటే ఇది చూడటం. పరిశోధననే కొట్టిపారెయ్యడం కాదు.

మూడవది ఎవరూ బాహాటంగా అనరు గాని అందరి మనసుల్లోనూ ఉంది. అమెరికా చంపినవారిని లెక్కపెడితే మనకు సంతోషం. తక్కినవారు చంపితే? 2022 మార్చి చివర రష్యా సేనలు ఉక్రెయిన్‌లోని బుచా నుంచి వెళ్లిపోయాక వీధుల్లో శవాలు బయటపడ్డాయి. తాము వెళ్లాక ఎవరో తెచ్చి పడేశారని మాస్కో అన్నది. ఆ సేనలు అక్కడ ఉండగానే, మార్చి మధ్యలోనే, ఆ శవాలు ఆ వీధిలో పడి ఉన్నట్టు ఉపగ్రహ చిత్రాలు చూపాయి. మనవాళ్లలో కొందరు మాస్కో మాటనే తెచ్చి మన సభల్లో వినిపించారు. ఫ్రాంకో ప్రచారకులు చేసింది ఇంతకన్నా వేరా? రక్కా చిత్రాలు నమ్మదగినవీ, బుచా చిత్రాలు కల్పితాలూ అనేవాడికి చనిపోయినవారితో పనిలేదు; జెండా రంగుతోనే పని. అటువంటివాడు గాజా గురించి మాట్లాడితే వినేవాడు ఎందుకు నమ్మాలి?

నా విద్యార్థులకు ఒక్కటే చెబుతున్నాను. ఈసారి కవితలో "వేలాది అమాయకులు" అని రాసేముందు కలం ఆపండి. ఏ ఊరు? ఏ తేదీ? ఏ విమానం? ఎవరి బిడ్డ? జవాబులు దొరికే చోట్లు ఇవాళ ఉన్నాయి, వెతకండి. దొరికాక ఆగ్రహించండి. అప్పుడు మీ ఆగ్రహాన్ని ఏ సైన్యాధికారీ నవ్వి తోసెయ్యలేడు. ఆ గోష్ఠిలో మాట్లాడిన మిత్రుడు కూడా ఆ 641 పేర్ల సంగతి ఒకసారి ఆలోచించి, ఆ తర్వాత గుమాస్తాలను వెక్కిరించాలని కోరుతున్నాను.