వీధి క్రింది కుండపెంకు కూడా ప్రమాణమే

శ్రీకాకుళం జిల్లాలో వంశధారా తీరమున వెలసిన శ్రీముఖలింగ క్షేత్రమునకు మధుకేశ్వర, భీమేశ్వర, సోమేశ్వర స్వాముల దర్శనార్థమై భక్తులు వచ్చుచుందురు. తూర్పు గాంగుల రాజధానియైన కళింగనగరము ఇదియేనని గిడుగు రామమూర్తి పంతులు శాసనాధారములతో ప్రతిపాదించిరి. 1078లో పట్టాభిషిక్తుడై, పూరీ జగన్నాథాలయ నిర్మాతగా ప్రసిద్ధిగాంచిన అనంతవర్మ చోడగంగదేవుని వంశము ఏలిన పురమిది. అట్టి చోట మురుగుకాలువ కొరకో, ఇంటి పునాది కొరకో వీధిని త్రవ్వినపుడు మధ్యయుగపు కుండపెంకులు, కట్టడపు రాళ్ళు బయల్పడుట వింత కాదు. వాటిని మట్టితోబాటు ఎత్తిపోయుటయే విచారకరము.

ఇచట కొందరు వేదాంతమునే సాకుగా చూపుదురు. ఛాందోగ్యమున ఉద్దాలకుడు శ్వేతకేతువునకు మట్టియే సత్యమనియు, ఘటాది వికారములు నామమాత్రములనియు బోధించెను గదా, పగిలిన పెంకుకు ఇంత విలువ యేల అని వారి ప్రశ్న. ఆ బోధ పరమార్థదృష్టికి చెందినది. వ్యవహారదశలో ప్రమాణములను శంకర భగవత్పాదులు త్రోసిపుచ్చలేదు. ఘటమును ఎరుగనివానికి ఘటదృష్టాంతమే పనికిరాదు.

న్యాయశాస్త్రము ఇంకను స్పష్టముగా దారి చూపును. పర్వతముపై పొగను చూచి అచట నిప్పు కలదని ఊహింతుము. పొగ హేతువు, పర్వతము పక్షము. పొగను కడవలో పట్టి తెచ్చినచో నిప్పు ఎచట నున్నదో ఎవరు చెప్పగలరు? కుండపెంకు హేతువు, అది పడియున్న మట్టిపొర పక్షము. సామాన్యముగా దిగువ పొర పూర్వకాలపుది, ఎగువ పొర తరువాతిది. పెంకు ప్రక్కనున్న బొగ్గు, బూడిద, పునాదిరాయి కలిసి అది వంటయిల్లో, ఆలయ ప్రాంగణమో తెలుపును. పెకలించి తెచ్చిన పెంకు పొందూరు ఖద్దరు నుండి లాగిన ఒంటి పోగు వంటిది. అంచు ఎట్టిదో అది చెప్పజాలదు.

శాసనములు రాజులను, దాతలను కీర్తించును. కుండ చేసిన కుమ్మరిని, అన్నము వండిన ఇల్లాలిని, రాయి మోసిన కూలిని తలపించునవి ఈ శకలములే.

కాలువ వలదనుట కాదు, గ్రామారోగ్యమును ధర్మమే. పని కొంత ఆపి, వస్తువును కదల్పక ఛాయాచిత్రము తీసి, లోతు కొలిచి, తహసీల్దారుకును పురావస్తు శాఖకును తెలుపుట చాలును. దొరికిన శిల్పశకలమును పూజాగృహమునకు కొనిపోవుట కూడా భక్తి కాదు. అది సాక్షిని నోరు విప్పకముందే సభ నుండి తరలించుట.