పింఛను ఎంపికలో ఉద్యోగ విలువ

ఉద్యోగంలో చేరే వ్యక్తి ముందుగా ఆరా తీసేది జీతం గురించి. ఆ కొలువు నుంచి తాను నిజంగా ఆశిస్తున్నది ఏమిటన్న ప్రశ్న చాలామందికి పదవీ విరమణ దగ్గర పడితే గాని ఎదురుకాదు. కేంద్ర ప్రభుత్వ సర్వీసులలో కొత్తగా చేరేవారికి మాత్రం ఇప్పుడు ఆ ప్రశ్న మొదటి నెలలోనే ఎదురవుతోంది. జాతీయ పింఛను వ్యవస్థలో (ఎన్‌పీఎస్) ఉండాలా, ఏకీకృత పింఛను పథకాన్ని (యూపీఎస్) కోరుకోవాలా అన్నది విధులలో చేరిన 30 రోజులలోగా తేల్చుకోవాలి. అరవై ఏళ్ల నాటి అవసరాలను పాతికేళ్ల వయసులోనే ఊహించి సంతకం చేయడం తేలికైన పని కాదు.

2004 జనవరి 1కి ముందు చేరినవారికి ఈ చిక్కు లేదు. చివరి వేతనంలో సగం పింఛనుగా లభించేది. అందుకు జీతం నుంచి చందా కట్టే పని లేదు. ఆ తేదీ నుంచి, సాయుధ దళాలను మినహాయించి, కొత్తవారందరికీ ఎన్‌పీఎస్ వర్తించింది. ఇందులో ఉద్యోగి తన మూలవేతనం, కరవు భత్యంలో 10 శాతం చెల్లిస్తాడు. ప్రభుత్వ వాటా 2019 ఏప్రిల్ నుంచి 14 శాతానికి పెరిగింది. అయితే చివరకు చేతికి వచ్చేది మార్కెట్ రాబడులను బట్టి ఉంటుంది. నష్టభయం ఖజానా నుంచి ఉద్యోగి భుజాల మీదికి మారిందన్నమాట.

అసంతృప్తి రాజుకున్నది అక్కడే. పాత పింఛను పునరుద్ధరణ పలు రాష్ట్రాలలో ఎన్నికల అంశంగా మారింది. 2022లో రాజస్థాన్, 2023లో హిమాచల్ ప్రదేశ్ ఆ దారి పట్టాయి. ఆంధ్రప్రదేశ్ మధ్యేమార్గంగా 2023లో హామీ పింఛను చట్టం చేసింది. ఉద్యోగ సంఘాలు మాత్రం పాత విధానమే కావాలన్నాయి. ఈ నేపథ్యంలోనే కేంద్ర మంత్రివర్గం 2024 ఆగస్టు 24న యూపీఎస్‌ను ఆమోదించింది. 2025 ఏప్రిల్ 1 నుంచి అది అమలులోకి వచ్చింది.

కొత్త పథకం ప్రకారం 25 ఏళ్ల సర్వీసు పూర్తిచేసినవారికి చివరి 12 నెలల సగటు మూలవేతనంలో సగం, దానిపై కరవు ఉపశమనం హామీగా లభిస్తాయి. సగటు రూ.60,000 అయితే పింఛను రూ.30,000. సర్వీసు 20 ఏళ్లే ఉంటే అది రూ.24,000కు తగ్గుతుంది. కనీసం 10 ఏళ్లు పనిచేసి విరమించినవారికి నెలకు రూ.10,000కు తగ్గదు. ఉద్యోగి మరణానంతరం జీవిత భాగస్వామికి 60 శాతం అందుతుంది.

ఈ భద్రతకు మూల్యం లేకపోలేదు. ఎన్‌పీఎస్‌లో పోగైన నిధిలో 60 శాతం వరకు విరమణ వేళ ఒకేసారి తీసుకోవచ్చు. కనీసం 40 శాతంతో నెలనెలా ఆదాయమిచ్చే యాన్యుటీ కొనాలి. యూపీఎస్‌లో అంత పెద్ద మొత్తం ఒకేసారి చేతికి రాదు. మధ్యలో రాజీనామా చేసినవారికి హామీ పింఛను వర్తించదు. స్వచ్ఛందంగా విరమించినవారికీ సాధారణ విరమణ వయసు వచ్చిన నాటి నుంచే చెల్లింపు మొదలవుతుంది.

భద్రత ఇస్తే ఉద్యోగులు వెంటనే మొగ్గు చూపుతారన్న అంచనా నెరవేరలేదు. 23 లక్షలకు పైగా అర్హులుండగా, 2025 జూలై మూడవ వారం నాటికి యూపీఎస్‌ను కోరినవారు దాదాపు 31,500 మంది మాత్రమే. జూన్ 30గా ఉన్న గడువును మొదట సెప్టెంబరు 30కి, ఆపై నవంబరు 30కి పొడిగించవలసి వచ్చింది. పాత పింఛను కోసం పట్టుబట్టినవారికి చందాతో కూడిన హామీ రుచించకపోవడం ఒక కారణం కావచ్చు. ఉద్యోగులందరి అవసరాలూ ఒక్కటి కాకపోవడం మరో కారణం. ఒక్కరి జీతం మీదే ఇల్లు గడిచే కుటుంబానికి నెలనెలా వచ్చే ఆదాయమే కొండంత అండ. భార్యాభర్తలిద్దరూ సంపాదించే ఇంట్లో పిల్లలకు మిగిల్చే నిధికి విలువ ఎక్కువ. నలభై ఏళ్లకే మరో రంగానికి మారాలనుకునేవారికి పాతికేళ్ల సర్వీసు షరతు సంకెలగా తోస్తుంది.

యూపీఎస్‌ను ఎంచుకున్నవారు విరమణకు ఏడాది ముందు వరకు ఒక్కసారి ఎన్‌పీఎస్‌కు మారవచ్చు. అక్కడి నుంచి తిరిగి రావడానికి మాత్రం వీలులేదు. నిర్ణీత వ్యవధిలో ఏదీ కోరని ఉద్యోగి ఎన్‌పీఎస్‌లోనే ఉంటాడు. మౌనం కూడా ఇక్కడ ఒక నిర్ణయమే. కనుక కొత్త ఉద్యోగి చేతికి దరఖాస్తు ఇచ్చి సరిపెట్టుకోకుండా, రెండు పథకాల లెక్కలనూ అతని వేతనానికి అన్వయించి చూపడం ప్రభుత్వ శాఖల కనీస బాధ్యత. నిలకడైన ఆదాయమా, చేతిలో సొమ్మా, ఉద్యోగం మారే స్వేచ్ఛా అన్నది తేల్చుకోవలసినది మాత్రం ఉద్యోగే. సహోద్యోగి ఎంపికను చూసి సంతకం చేసేవారు మరొకరి అవసరానికి తమ వృద్ధాప్యాన్ని ముడిపెట్టుకున్నట్లే.